మొగ కదిలిన చోటు

మొదటి దెబ్బకు ల్యాప్‌టాప్ పగల్లేదు. రెండో దెబ్బకు మూత ఊడి గుమ్మం పక్కన పడింది. మూడోసారి గణేష్ దాన్ని రెండు చేతులా ఎత్తి బట్టలుతికే బండ అంచుకేసి మోదాడు. అక్షరాల మీటలు వాకిలంతా రాలాయి.

“చాలునా? ఇంకా చెప్తావా పాఠాలు?”

సుభాషిణి చూపంతా భర్త చేతుల మీదే ఉంది. మోచేతుల దాకా నెత్తురు ఎండి నల్లబడింది. అది ఎవరి నెత్తురో అడగడానికి ఆమెకు ధైర్యం చాలడం లేదు.

వరండాలో మంచం మీద మరిది చిన్నా మూలుగుతున్నాడు. పొద్దున ఏటి మొగ దగ్గర కొట్లాట జరిగింది. ఏరు సముద్రంలో కలిసే ఆ చోట తమ సర్వితోపు పాళెం కుర్రవాళ్ళూ, దక్షిణాన ఉన్న ఇసకదొరువు వాళ్ళూ పడవలు తోసే గెడలతో బాదుకున్నారు. ఒక దెబ్బ చిన్నా తలను ఎడమవైపు చీల్చింది. మెడ కింద విరిగిన ఎముక తోలును పైకి పొడుస్తోంది.

అత్త చెంచమ్మ పసుపు అద్దిన గుడ్డను కొడుకు తలకు అదిమి పట్టుకుని కూర్చుంది. అది మూడో గుడ్డ.

“ఆస్పత్రికి తీసుకుపోదాం అత్తా. వాకాడుకు ఆటో మాట్లాడతాను.”

“ఏ దోవన పోతావే?” చెంచమ్మ తల తిప్పింది. “రోడ్డెక్కాలంటే ఇసకదొరువు మీదనే గదా పోవాల. నా బిడ్డను వాళ్ళ చేతుల్లో పెట్టి రమ్మంటావా?”

“ఇట్టా వదిలేస్తే నెత్తురు పోయి…”

ఆ మాట పూర్తికాలేదు. చెంచమ్మ లేచి వచ్చి కోడలి చెంప మీద కొట్టింది. పసుపూ నెత్తురూ కలిసిన అరచేయి. ఆ తడి సుభాషిణి బుగ్గ మీద అంటుకుపోయింది.

“నువ్వు చెప్పబట్టే గదే పొయ్యినారు వాళ్ళు!”

గోడకు ఆనుకుని కూర్చున్న మామ ఆదెయ్య ఇదంతా చూస్తూనే ఉన్నాడు. ముప్పై ఏళ్ళుగా సర్వితోపు పాళేనికి పెద్దకాపు. ఆయన మాట దాటి ఊళ్ళో ఒక్క పడవ నీళ్ళలోకి దిగదు. ఈ పొద్దున్నించి ఆయన ఒక్క మాట మాట్లాడలేదు.

*

“చూడు.” గణేష్ జేబులోంచి ఫోను తీసి ఆమె మొహం ముందు పెట్టాడు. “నువ్వు చూపించిందే గదా ఇది?”

ఊరి కుర్రవాళ్ళ వాట్సాప్ గ్రూపులోని బొమ్మ అది. ఆకాశం నుంచి తీసిన తీరం. ఏరు, ఇసుక తిన్నెలు, సముద్రం. దాని మీద చిన్నా గీసిన లావుపాటి ఎర్రగీత. కింద ‘ఆధారం దొరికింది, మొగ మనదే’ అని రాసి ఉంది.

“నేను చూపించింది బొమ్మ బావా. గీత నేను గియ్యలేదు.”

“గీత లేకుంటే ఏంది! మొన్న సాయంత్రం నువ్వు పేపర్లు దిద్దుకుంటా ఉంటే నేనడగలా? అయితే ఆ చోటు మనదేనా అని నిన్ను అడగలా? ఏమన్నావు?”

సుభాషిణి కళ్ళు దించుకుంది.

“చెప్పు, నాయన కూడా వినాల. ఏమన్నావు?”

“ఆనాటికి మనదే అన్నాను.”

“అదీ! ఆనాటికి, ఈనాటికి… అదంతా మాకేం తెలస్తాది? టీచరు చెప్పింది, శాటిలైటు చెప్పింది, ఇంక పంచాయితీ ఎందుకన్నారు కుర్రోళ్ళు.”

నిజమే. ఆ మాట ఆమె అంది. నవ్వుతూ, తల ఎత్తకుండా, ఒక మార్కుకూ అరమార్కుకూ మధ్య ఆలోచిస్తూ అంది.

పాఠం జరిగింది శుక్రవారం. రోడ్డు మీది హైస్కూల్లో పదో తరగతి. రెండు ఊళ్ళ పిల్లలూ అక్కడే చదువుతారు. గోడకు బిగించిన పెద్ద తెర మీద ఆమె భూగోళాన్ని తిప్పి, అమెరికాకూ మెక్సికోకూ నడుమ సరిహద్దుగా పారే నదిని చూపించింది. నూటయాభై ఏళ్ళ కిందట ఆ నది దారి మార్చుకుందనీ, మెక్సికో నేల ఒక ముక్క ఏటి అవతలికి పోయిందనీ, దానికోసం రెండు దేశాలూ వందేళ్ళు తగువులాడుకుని చివరికి కూర్చుని ఒప్పందం చేసుకున్నాయనీ చెప్పింది.

“ఏరు జరిగితే పొలం కూడా పక్కోడిదైపోద్దా మేడం?” అని వెనక బెంచీ నుంచి ఎవరో అడిగారు. క్లాసంతా నవ్వింది.

“మన ఏరు చూపించండి మేడం,” అన్నారు ఇంకొకరు.

పాత ఉపగ్రహ చిత్రాలు ఏడాదికొకటి చొప్పున కదిలే సైటు ఒకటి తెరిచింది. పిల్లలు ముందుకు జరిగి కూర్చున్నారు. తొంభైలో మొగ దక్షిణంగా ఉంది. ఆ తర్వాత ఒక పెద్ద తుఫాను. ఒక్క ఏడాదిలో మొగ మైలు దూరం ఉత్తరానికి జరిగిపోయింది. మొగకు ఉత్తరం సర్వితోపుది, దక్షిణం ఇసకదొరువుది అని రెండు ఊళ్ళలో పసిపిల్లలకు కూడా తెలుసు. అంటే రొయ్య విరగపడే ఆ మైలు నీళ్ళు, ఒకప్పుడు సర్వితోపు వైపు ఉండి, ఇప్పుడు ఇసకదొరువు వైపు పడ్డాయి.

సర్వితోపు పిల్లలు బల్లలు చరిచారు. ఇసకదొరువు పిల్లలు వెనక్కి సర్దుకున్నారు. వాళ్ళలో ఒక్క పిల్ల మాత్రం లేచి నిలబడింది. ఆ ఊళ్ళో వల వేసే దావీదు కూతురు ఎలిశబెతు.

“తొంభైకి ముందు మొగ ఎక్కడుండేది మేడం?”

“అది నాకు తెలీదమ్మా. చూసి సోమవారం చెప్తాను,” అంది సుభాషిణి. బెల్లు కొట్టారు. రాలేని పిల్లల కోసమని ఎప్పటిలాగే పాఠం వీడియో గ్రూపులో పెట్టింది. చిన్నా చేతికి అది అలాగే వచ్చింది.

సోమవారం రావడానికి ఇంకా ఒక రోజు ఉంది. ఇవాళ ఆదివారం. ఇసకదొరువులో చర్చికి పోయేవాళ్ళే ఎక్కువ. ఆదివారం వాళ్ళ పడవలు కదలవు. సర్వితోపు కుర్రవాళ్ళు ఆ ధైర్యంతోనే పొద్దున్నే గెడలూ వలలూ వేసుకుని మొగకు వెళ్ళారు.

*

ఫోను మోగింది. హెడ్మాస్టరు నరేంద్రబాబు.

“సుభాషిణి గారూ, మీరు ఇంట్లోనే ఉన్నారా?”

“ఉన్నాను సార్.”

“బయటికి రావద్దు. దావీదు పోయినాడు. ఆటోలో ఎక్కిస్తా ఉండగానే ప్రాణం పోయిందంట. మన ఎలిశబెతు నాయన. పోలీసులకు చెప్పినాను. వాకాడు నుంచి జీపు బయల్దేరింది. ఇసకదొరువు ఆడోళ్ళు వంతెన మీద అడ్డం పడుకోని ఆపేసినారంట. శవాన్ని ఇచ్చేది లేదంటా ఉండారు. వింటున్నారా?”

ఆమె వింటూనే ఉంది. కానీ కళ్ళ ముందు దావీదు కనిపిస్తున్నాడు.

కిందటి నెల తల్లిదండ్రుల సమావేశానికి వచ్చి చివరి బెంచీలో కూర్చున్నాడు. అందరూ వెళ్ళిపోయాక తలకు చుట్టిన తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని, “టీచరమ్మా, దీంట్లో యెరూషలేము కనపడతాదా?” అని అడిగాడు. ఆమె తెర మీద భూగోళం తిప్పి ఆ ఊరి మీదికి దించింది. ఆయన చాలాసేపు చూశాడు. “మన మాదిరే ఇళ్ళు ఒకదాని మీద ఒకటి పడి ఉండాయే!” అన్నాడు. ఎలిశబెతు సిగ్గుపడి తండ్రి చొక్కా పట్టి లాగింది.

సుభాషిణి ఫోను పెట్టేసింది.

“దావీదు చనిపోయినాడంట.”

చెంచమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చిన్నా మూలుగు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది. ఆదెయ్య కళ్ళు మూసుకున్నాడు.

గణేష్ మాత్రం గబగబా వాకిలి మూలకు నడిచాడు. ఆమె వెనకే వెళ్ళింది. సిమెంటు తొట్టి దగ్గర వంగి అతను చేతులు తోముకుంటున్నాడు. బోరింగు నీళ్ళు ఎర్రగా మారి కాళ్ళ మధ్య నుంచి పారుతున్నాయి.

“బావా.”

అతను తోమడం ఆపలేదు.

“నువ్వేనా?”

“వాడొక్కడే ఉండాడు,” అన్నాడు గణేష్, నీళ్ళతో చెప్తున్నట్టు. “శనివారం రాత్రి వదిలిన వల తీసుకుంటా ఉండాడు. పొమ్మన్నాం. నవ్వినాడు. ‘గణేషూ, మొగ సముద్రానిదిరా, నీదీ నాదీ ఏంది’ అన్నాడు. చిన్నాగాడికి కోపమొచ్చి కత్తితో ఆయన వల కోసినాడు. ఆయన గెడ తిప్పినాడు. చిన్నా పడిపోయినాడు. నేను తెడ్డు తీసుకున్నా.”

“తరవాత?”

“ఒక్కటే కొడదామనుకున్నా. ఎన్ని కొట్టినానో నాకే తెలవదు. ఆయన నీళ్ళలో పడినాక కూడా కొట్టినా. అప్పుడు వాళ్ళ ఊరోళ్ళు గట్టు మీద పరుగెత్తతా వచ్చినారు. ఎవరు కొట్టిందీ చూడలా వాళ్ళు, ఇంక అందరం బాదుకున్నాం.”

అతను చేతులు చూసుకున్నాడు. గోళ్ళ కింద ఎరుపు అలాగే ఉంది. మళ్ళీ తోమాడు.

సుభాషిణి తొట్టి అంచు పట్టుకుని నిలబడింది. ఎనిమిదేళ్ళుగా ఆ చేతుల్ని ఎరుగును. వలలో చిక్కిన పాముల్ని కూడా చంపకుండా విసిరేసే చేతులు.

“పోలీసులు వస్తారు,” అన్నాడు గణేష్. గొంతు మారింది. “బొమ్మ యాడిదని అడుగుతారు. ఆ పిల్ల ఫోన్లోనించి వచ్చిందని చెప్పు.”

“ఏ పిల్ల?”

“ఎలిశబెతు. క్లాసులో మొగ సంగతి లేవదీసింది ఆ పిల్లేనని చెప్పు. ముందు వాళ్ళే మా మీదికి వచ్చినారని చెప్పు. నీ మాట వింటారు. టీచరువి.”

“తండ్రిని చంపి, ఆ నెపం బిడ్డ మీద వెయ్యమంటావా?”

“నేను జైలుకు పోతే నీకు సరేనా?”

“ఆ పిల్ల పేరు నా నోట రాదు బావా.”

అతను కదలడం ఆమె చూడనేలేదు. జుట్టు పట్టుకున్నాడు. తల తొట్టి అంచుకు తగిలింది. కళ్ళ ముందు తెల్లటి వెలుగు మెరిసి పోయింది. రెండోసారి మొహం నీళ్ళలోకి వెళ్ళింది. ఆ నీళ్ళలో దావీదు నెత్తురు రుచి ఉంది. ఊపిరి అందక ఆమె చేతులు గాల్లో కొట్టుకున్నాయి.

“చెప్తావా? చెప్తావా?”

“వదలరా దాన్ని!”

పొద్దున్నించి ఆదెయ్య అన్న మొదటి మాట అది. గణేష్ చెయ్యి వదులైంది. సుభాషిణి దగ్గుతూ నేల మీద కూలబడింది. నుదుటి మీంచి నెత్తురు కనుబొమల్లోకి దిగుతోంది.

ఆదెయ్య గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

*

ఆమె కొంగుతో నుదురు ఒత్తుకుంటూ ఫోను తీసింది.

“మామా, ఇది చూడండి. ఎలిశబెతు అడిగిన ప్రశ్నకు జవాబు నిన్న దొరికింది నాకు, సోమవారం క్లాసులో చెప్దామని ఉంచాను. దొరల కాలంలో ఓడల కోసం గీసిన తీరం పటం. ఎక్కడో గ్రంథాలయం వాళ్ళు దాచిపెట్టి ఆన్‌లైన్‌లో ఉంచారు. మొగ ఎక్కడుందో చూడండి.”

గణేష్ తొంగి చూశాడు. పసుపు రంగు తిరిగిన కాగితం మీద సన్నటి గీతలు.

“ఇది మన తుఫాను షెల్టరు ఉన్న మిట్ట. మొగ దానికి కూడా ఉత్తరాన ఉంది. అప్పటి మొగను పట్టుకుంటే ఆ మైలు నీళ్ళే కాదు, మనం నిలబడిన ఈ ఇల్లు కూడా వాళ్ళదే.”

ఆదెయ్య ఫోను వైపు చూడలేదు.

“నాకు తెలుసు,” అన్నాడు.

“ఏం తెలుసు?” అన్నాడు గణేష్.

“మొగ ఒకచోట కుదురుగా ఉండదని మా తాత చెప్పేవోడు. అందుకనే పెద్దోళ్ళు వంతులు పెట్టినారు. మొగ యాడికి జరిగినా సరే, ఆ నీళ్ళు అమాసకు వాళ్ళవి, పున్నమికి మనవి. రెండూళ్ళోళ్ళూ మొలలోతు నీళ్ళలో నిలబడి ఒట్టేసుకున్నారు. నేను చిన్నపిల్లోణ్ణి, మా నాయన భుజాల మీద కూర్చోని చూసినా.”

“ఎప్పుడూ చెప్పలేదేంది మామా?”

ఆదెయ్య గుమ్మం మీద కూర్చున్నాడు. కూర్చోవడానికి చాలాసేపు పట్టింది.

“పెద్దకాపునైన కొత్తలో మొగ బాగా దక్షిణానికి పోయి ఉండింది. నీళ్ళన్నీ మన పక్కన పడినాయి. దావీదు నాయన హజరత్తయ్య అమాస వంతుకు పడవేసుకోని వచ్చినాడు. నేను రానీలా. మొగకు ఉత్తరం మాది, దిగితే నరుకుతానన్నా. దిగినాడు. గెడలతో కొట్టినాం. కాలు రెండు చోట్ల ఇరిగింది. మళ్ళా ఆయన పడవెక్కలా.”

చిన్నా మంచం మీద తల తిప్పి వింటున్నాడు.

“ఆ ‘ఉత్తరం మాది, దక్షిణం మీది’ అన్న మాట నేను పుట్టించిందే. తరవాత తుఫానొచ్చి మొగ ఇటు జరిగింది. నా మాటే నాకు అప్పజెప్పినారు వాళ్ళు. దక్షిణం మాది అన్నారు. ఏ మొహం పెట్టుకోని వంతు అడిగేది?”

“ముప్పై ఏళ్ళు నోరు మూసుకోని,” గణేష్ ఒక్కో మాటా కొరుకుతున్నట్టు అన్నాడు, “మనిషి చచ్చినాక చెప్తావా?”

“రాత్రి మీరు గెడలు సిద్ధం చేస్తా ఉంటే చెప్దామనుకున్నా.”

“ఎందుకు చెప్పలా?”

ఆదెయ్య మొహం తిప్పుకున్నాడు.

గణేష్ అడుగు ముందుకేసి తండ్రి గుండెల మీద తన్నాడు. ముసలాయన గుమ్మం లోపలికి వెల్లకిలా పడ్డాడు. తల నేలకు తగిలిన చప్పుడు అందరికీ వినిపించింది. చెంచమ్మ కెవ్వున అరిచి కొడుకు నడుము పట్టుకుంది. అతను ఆమెనూ విదిలించాడు. మళ్ళీ కాలెత్తాడు.

“అన్నా!” చిన్నా మంచం మీంచి దొర్లి కింద పడ్డాడు. విరిగిన భుజం నేలకు తగిలి పెద్దగా అరిచాడు. “నాయన్నిరా! వద్దన్నా!”

గణేష్ కాలు ఆగింది. అతను రొప్పుతూ నలుగురినీ చూశాడు. నేల మీద తండ్రి, తమ్ముడు. గోడవారన తల్లి. నెత్తురు కారుతున్న మొహంతో పెళ్ళాం. ఇందరు తన వల్లనే పడ్డారని అప్పుడే తెలిసినట్టు నిలబడిపోయాడు.

అప్పుడు సముద్రం వైపు నుంచి కేకలు వినిపించాయి.

“వచ్చినారు! పడవలేసుకోని వచ్చినారు!”

*

ఊరంతా గట్టు మీదికి చేరేసరికి ఎండ చురుక్కుమంటోంది. మగవాళ్ళ చేతుల్లో తెడ్లు, గెడలు, చేపలు కోసే కత్తులు. ఆడవాళ్ళు ఒడి నిండా రాళ్ళు పట్టుకున్నారు.

ఆరు ఫైబర్ పడవలు. అల విరిగే చోట ఇంజన్లు ఆపేసి నిలిచాయి. వెనక ఐదింటిలో ఇసకదొరువు మగవాళ్ళు కిక్కిరిసి ఉన్నారు. ముందు పడవలో మాత్రం ఇద్దరే తెడ్లు వేస్తున్నారు. వాళ్ళ మధ్య తెల్ల దుప్పటి కప్పిన దావీదు. పడవ మొన దగ్గర నిలబడి ఎలిశబెతు.

చర్చికి పోవడానికని వేసుకున్న లేతనీలం చుడీదారు. తల దువ్వి రెండు జడలు వేసుకుని ఉంది. మోకాళ్ళ కింద బట్టంతా ఎర్రగా తడిసింది.

ఎవరో ఒక రాయి విసిరారు. అది పడవ అంచుకు తగిలి నీళ్ళలో పడింది. ఆ పిల్ల కళ్ళు కూడా ఆర్పలేదు.

“ఆపండి!” సుభాషిణి జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చింది. “రాళ్ళు పారెయ్యండి. చనిపోయిన మనిషిని తెచ్చినారు, కనపడలా?”

మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగింది. వెనక నుంచి గణేష్ వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. అతని మరో చేతిలో తెడ్డు ఉంది.

“మేడం,” అంది ఎలిశబెతు. క్లాసులో లేచి నిలబడినప్పటి గొంతే. “మీ నుదురు పగిలింది.”

సుభాషిణి రెండో చేత్తో కొంగు నుదుటికి అదుముకుంది.

“మా ఊరోళ్ళు ఈ పాళేన్ని తగలబెట్టాలని బయల్దేరినారు. నేనే ఆపినా. మా మేడం అబద్ధం చెప్పదు, అడిగి తెలుసుకుందాం అన్నా. మీకు తెలీకపోతే తెలీదనే చెప్తారు గదా ఎప్పుడూ. మా నాయన తల మీద ఏడు దెబ్బలుండాయి. నేనే కడిగినా. కొట్టింది ఎవరు మేడం?”

వెనక పడవలోంచి ఒకాయన అరిచాడు. “పేరు చెప్తే ఒకడి కోసం దిగుతాం. చెప్పకుంటే అందరి కోసం దిగుతాం!”

గణేష్ ఆమె చెవి దగ్గర వంగాడు. “తెలవదని చెప్పు,” అన్నాడు. వేళ్ళు ఎముక దాకా దిగాయి. “సుభా. తెలవదను.”

“నేను కొట్టినా.”

జనం తిరిగి చూశారు. ఆదెయ్య. తల వెనక నుంచి నెత్తురు మెడ మీదికి కారుతోంది. ఎవరి సాయమూ లేకుండా ఇసుకలో తూలుతూ వచ్చి నీళ్ళలో దిగాడు.

“నేనే అమ్మా. మీ తాతను కొట్టింది నేనే, మీ నాయన్ను కొట్టిందీ నేనే. నన్ను తీసుకుపోండి.”

ఎలిశబెతు ఆయన వైపు చూసింది.

“మీ చేతులు వణకతా ఉండాయి తాతా. తెడ్డు ఎత్తలేరు మీరు.” ఆ పిల్ల చూపు మళ్ళీ టీచరు మీదికి వచ్చింది. “నేను మేడంను అడిగినా.”

అల ఒకటి వచ్చి పడవను ఎత్తి దించింది. దుప్పటి జరిగి దావీదు చెయ్యి ఒకటి బయటపడింది. ఎలిశబెతు వంగి దాన్ని లోపల పెట్టి, మళ్ళీ నిలబడింది.

ముసలాయన మాటకు తలూపితే చాలు. ఆయనకు ఎన్నేళ్ళుంటాయి ఇంక? ఆయన కూడా అదే కోరుకుంటున్నాడు, ఆ కళ్ళు బతిమాలుతున్నాయి. తెలియదంటే చాలు అని మణికట్టు మీది వేళ్ళు చెప్తున్నాయి. గట్టు మీద పసిబిడ్డల్ని చంకన వేసుకున్న తల్లులున్నారు. పడవల్లో గెడలు పట్టుకున్న నలభై మంది ఉన్నారు. వీటన్నిటి మధ్య ఒక పిల్ల జవాబు కోసం చూస్తోంది.

“గణేష్,” అంది సుభాషిణి. “నా మొగుడు.”

గట్టు మీద నుంచి చెంచమ్మ ఏడుపు. అది ఏడుపు కూడా కాదు, గొంతులో ఏదో తెగినట్టు వచ్చిన శబ్దం.

మణికట్టు మీది వేళ్ళు ఒక్కొక్కటే ఊడాయి. గణేష్ ఆమె మొహంలోకి చూశాడు. కోపం ఉంటుందనుకుంది. లేదు. అతను తెడ్డును నీళ్ళ మీద వదిలేసి, ఆమెను దాటుకుని, ముందు పడవ వైపు నడవడం మొదలుపెట్టాడు. నడుము దాకా నీళ్ళు వచ్చాయి. ఖాళీ చేతులు.

వెనక పడవల్లోంచి ఐదారుగురు ఒక్కసారే దూకారు.

“వద్దు! పోలీసులకు ఇద్దాం! చిన్నాయనా, వద్దు!” ఎలిశబెతు అరుస్తోంది. ఎవరూ వినడం లేదు.

సుభాషిణి పరుగెత్తబోయింది. నీళ్ళు కాళ్ళకు అడ్డం పడ్డాయి. ఆమె కంటే ముందు ఆదెయ్య అక్కడికి చేరాడు. ఎలా చేరాడో ఎవరూ చూడలేదు. గణేష్‌ను వెనక్కి నెట్టి, కొడుకు ముందు రెండు చేతులూ చాపి నిలబడ్డాడు.

మొదటి గెడ ఆయన భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు గట్టు దాకా వినిపించింది. ఆయన మోకాళ్ళ మీద కూలాడు. మెడ దాకా నీళ్ళు.

“నాయనా!” అని గణేష్ వంగాడు.

అతని తల మీద రెండో గెడ అప్పటికే పైకి లేచింది.